పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: కణం కొవ్వును బయటికి పంపే తీరు

రక్తపరీక్ష కాగితంలో కనిపించే కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్ల అంకెల గురించి మాకు తరచుగా ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు, ఆ కొవ్వు అసలు కణం లోపలి నుంచి రక్తంలోకి ఎలా చేరుతుందని అడిగాయి. ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందువల్ల ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయించాం.

ప్రశ్న: నేను డిగ్రీలో జీవరసాయన శాస్త్రం చదువుతున్నాను. కాలేయం వీఎల్‌డీఎల్‌ను, చిన్నపేగు కైలోమైక్రాన్లను తయారుచేసి పంపుతాయని మా పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది. అవి కణం లోపల ఎలా తయారవుతాయి? కొవ్వును పంపడానికి ప్రోటీన్ల అవసరం ఏమిటి?

జవాబు: కొవ్వు నీటిలో కరగదన్న సంగతి నుంచే మొదలుపెట్టాలి. ట్రైగ్లిజరైడ్లు గానీ, కొవ్వు ఆమ్లంతో జతకట్టిన కొలెస్ట్రాల్ గానీ నీటితో కలవవు. రక్తంలో అధిక భాగం నీరే. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి వదిలితే బొట్లు బొట్లుగా కూడుకుని సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. అందువల్ల కణం వాటిని ఒక గుండ్రని రేణువుగా కూరుస్తుంది. రేణువు నడుమ కొవ్వు ఉంటుంది. దాని చుట్టూ ఒకే ఒక్క పొరగా ఫాస్ఫోలిపిడ్లు, కొంత కొలెస్ట్రాల్ అమరి, నీటితో పొసిగే తమ కొసలను బయటి వైపుకు ఉంచుతాయి. ఆ పొరలో పాతుకుని, రేణువు చెదరకుండా నిలబెట్టేది ప్రోటీన్. ఈ మొత్తాన్నే లైపోప్రోటీన్ అంటాం. మీరు అడిగిన వీఎల్‌డీఎల్, కైలోమైక్రాన్ రెండూ ఇలాంటి రేణువులే.

ఇందులో పాల్గొనే ప్రోటీన్లన్నీ ఒక తీరువి కావు. అపోసి, అపోఇ వంటివి రక్తంలో ఒక రేణువు మీది నుంచి మరొకదాని మీదికి మారుతూ ఉంటాయి. అపోబి మాత్రం రేణువు పుట్టేటప్పుడే అందులో చేరి, ఆ రేణువు అంతరించే దాకా దాన్ని వదలదు. మన శరీరంలోని అతి పెద్ద ప్రోటీన్లలో ఇది ఒకటి. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే చిన్న అణువుల గొలుసు. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు ఉంటే, కాలేయంలో తయారయ్యే అపోబి–100లో 4536 ఉంటాయి. దాని పూర్తి వరుస 1986లో తెలిసింది. ఈ పొడవైన గొలుసులో చాలా భాగాలకు ఒక పక్క నీటితోను, మరో పక్క కొవ్వుతోను పొత్తు కుదురుతుంది. కొవ్వు దొరక్కపోతే ఆ రెండో పక్క నీటిని తప్పించుకోవడానికి తనలో తానే చిక్కుపడి, ప్రోటీన్ పనికిరాకుండా పోతుంది. కనుక గొలుసు పూర్తయ్యాక కొవ్వు ఎక్కిద్దామని ఆగే వీలు కణానికి లేదు. ప్రోటీన్ తయారవుతుండగానే కొవ్వు అందాలి. ఈ మొత్తం ప్రక్రియకు ఇదే కీలకమని నా అభిప్రాయం. తక్కిన వివరాలన్నీ ఇక్కడి నుంచే పుట్టుకొస్తాయి.

ఈ పని కణంలోని అంతర్జీవద్రవ్య జాలకం అనే పొరల వలలో జరుగుతుంది. జాలకపు పొరకు బయటి వైపున అతుక్కున్న, ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ అపోబి గొలుసును అల్లుతూ ఉండగా, అల్లినంత మేరా అది పొరలోని రంధ్రం గుండా లోపలికి జారుతూ ఉంటుంది. మొదట లోపలికి వచ్చే సుమారు 1000 అమైనో ఆమ్లాల భాగం మడతపడి, కొవ్వును పట్టగల ఒక చిన్న దొన్నెలాంటి తావును ఏర్పరుస్తుంది. గుడ్డు పచ్చసొనలో కొవ్వును నింపే విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్‌కు ఈ భాగంతో దగ్గరి పోలిక ఉంది. గుడ్లు పెట్టే జీవుల్లో సంతానానికి కొవ్వు అందించిన ప్రాచీన ప్రోటీన్ వంశం నుంచే మన అపోబి కూడా వచ్చిందన్నమాట. ఆ వంశంలో మరో వారసుడు ఎంటీపీ.

మైక్రోసోమల్ ట్రైగ్లిజరైడ్ ట్రాన్స్‌ఫర్ ప్రోటీన్ అన్న పెద్ద పేరును కుదించి ఎంటీపీ అంటారు. 1980ల మధ్యలో పశువు కాలేయం నుంచి దీన్ని తొలిసారి వేరుచేశారు. దీనికి రెండు భాగాలు ఉన్నాయి. పెద్ద భాగం కొవ్వు అణువులను జాలకపు పొర దగ్గర అందుకుని అపోబికి చేరవేస్తుంది. రెండో భాగం పీడీఐ అనే ప్రోటీన్. ఇతర ప్రోటీన్లలో గంధకపు బంధాలు సరిగా కుదిరేలా చూడటం దాని మామూలు పని. ఎంటీపీలో మాత్రం అది ఆ పని మీద ఉండదు. తన జోడీ ముద్దకట్టి పోకుండా కాపాడుతుంది. జాలకం దాటి వెళ్లకుండా ఆపే గుర్తు తన తోక మీద ఉన్నందువల్ల ఎంటీపీ మొత్తాన్నీ జాలకంలోనే నిలిపి ఉంచుతుంది. ఒకే ప్రోటీన్ రెండు చోట్ల రెండు వేర్వేరు కొలువులు చేయడం జీవకణంలో అరుదు కాదు గానీ, ఇంత స్పష్టమైన ఉదాహరణలు తక్కువే.

ఎంటీపీ అందించిన తొలి కొవ్వుతో, ఇంకా పూర్తికాని అపోబి చుట్టూ ఒక చిన్న, దట్టమైన రేణువు ఏర్పడుతుంది. గొలుసు పొడవు పెరిగే కొద్దీ, కదురుకు నూలు చుట్టుకున్నట్టు, అది పెరుగుతున్న కొవ్వు బొట్టును చుట్టుకుంటూ పోతుంది. ఇది మొదటి అంకం. రెండో అంకంలో, జాలకంలోనే విడిగా తయారైన, అపోబి లేని కొవ్వు బొట్టు ఈ చిన్న రేణువులో కలిసి దాన్ని ఒక్కసారిగా పెద్దది చేస్తుందని బలమైన ఆధారాలు ఉన్నాయి. ఆ కొవ్వును తయారుచేసేవి డీజీఏటీ–1, డీజీఏటీ–2 అనే ఎంజైములు. రేణువును నింపడంలో టీఎం6ఎస్ఎఫ్2, సైడ్‌బి వంటి ప్రోటీన్లు సాయపడతాయి. వాటి ప్రసక్తి ఫ్యాటీ లివర్ గురించిన ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

కొవ్వు చాలకపోతే ఏమవుతుంది? దీనికి సమాధానం కాలేయ క్యాన్సర్ నుంచి పెంచిన హెప్‌జీ2 అనే కణాల మీద జరిగిన ప్రయోగాల్లో దొరికింది. ఆ కణాలకు ఓలీయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని అందిస్తే, అవి బయటికి పంపే అపోబి గణనీయంగా పెరిగింది. అయితే అపోబి జన్యువు నుంచి వచ్చే ఆదేశపు ఆర్‌ఎన్‌ఏ మాత్రం పెరగలేదు. అంటే కణం అపోబిని ఎప్పుడూ అవసరానికి మించే తయారుచేస్తోంది. కొవ్వు అందనప్పుడు దాన్ని నాశనం చేస్తోంది. కొవ్వు అందని అపోబి పొరలోని రంధ్రంలోనే సగంలో ఆగిపోతుంది. దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ తగిలించబడుతుంది. ఆ గుర్తున్న ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. ప్రోటియాజోమ్‌ను మందుతో ఆపితే అపోబి కణంలో పేరుకుపోయింది. ఎంత పంపాలన్నది తయారీ దగ్గర కాక, వడపోత దగ్గర నిర్ణయమవుతోందని దీన్నిబట్టి తెలిసింది. తయారు చేసి పారవేయడం దుబారాగా తోచవచ్చు. కానీ భోజనం తర్వాత కొవ్వు హఠాత్తుగా వచ్చి పడినప్పుడు, అంత పొడవైన ప్రోటీన్‌కు జన్యువు స్థాయిలో కొత్తగా ఆదేశం పుట్టించి తయారుచేసేదాకా ఆగే పని ఉండదు. అది చేతికందే దూరంలో ఉంటుంది.

జాలకం దాటాక కూడా మరో వడపోత ఉంది. చేపనూనెలో ఉండే ఒమేగా–3 కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉన్నప్పుడు, పూర్తయిన రేణువులను సైతం కణం స్వభక్షణ మార్గంలో, అంటే తన లోపలి సరుకును తానే అరిగించుకునే పద్ధతిలో, జీర్ణం చేసుకుంటుంది. ఆ కొవ్వు ఆమ్లాలు రక్తంలో ట్రైగ్లిజరైడ్లను తగ్గించడానికి ఇదొక కారణం.

కాలేయం, చిన్నపేగు మాత్రమే కాక, గుండె కండరం, గర్భిణుల్లో ఏర్పడే మాయ కూడా కొద్ది మోతాదులో ఈ రేణువులను పంపుతాయన్నది చాలామందికి తెలియదు. హెపటైటిస్–సి వైరస్ ఇదే తయారీ మార్గాన్ని వాడుకుని, కొవ్వు రేణువుతో కలిసిన రూపంలో కాలేయ కణం నుంచి బయటపడుతుంది.

ప్రశ్న: అపోబి–48, అపోబి–100 అని రెండు ఉన్నాయంటారు. రెండింటికీ ఒకే జన్యువు అయితే రెండు ప్రోటీన్లు ఎలా వస్తాయి?

జవాబు: జన్యువు ఒకటే. తేడా ఆర్‌ఎన్‌ఏ మీద జరిగే ఒక చిన్న దిద్దుబాటులో ఉంది. దీన్ని 1987లో కనుగొన్నారు. అపోబి ఆర్‌ఎన్‌ఏలో 2153వ మూడక్షరాల సంకేతం సీ–ఏ–ఏ. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని చేర్చమని దాని అర్థం. పేగు కణాల్లో అపోబెక్–1 అనే ఎంజైము, తనకు తోడుండే ప్రోటీన్ల సాయంతో, అందులోని సీ అక్షరాన్ని యూగా మారుస్తుంది. యూ–ఏ–ఏ అంటే ఆగిపొమ్మని అర్థం. రైబోజోమ్ 2152 అమైనో ఆమ్లాల దగ్గర ఆగిపోతుంది. పూర్తి గొలుసులో సుమారు 48 శాతం మాత్రమే తయారవుతుంది. మనిషి కాలేయంలో ఈ దిద్దుబాటు జరగదు, ఎలుకల కాలేయంలో జరుగుతుంది. అందుకే ఎలుకల మీద చేసిన కొలెస్ట్రాల్ ప్రయోగాలను మనుషులకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఈ కత్తిరింపుకు ప్రయోజనం ఉంది. వీఎల్‌డీఎల్ తన ట్రైగ్లిజరైడ్లను దించేశాక మిగిలే, కొలెస్ట్రాల్ నిండిన రేణువును ఎల్‌డీఎల్ అంటారు. దాన్ని పట్టి లోపలికి తీసుకునే ప్రోటీన్ ఎల్‌డీఎల్ గ్రాహకం. కాలేయ కణాల మీది ఆ గ్రాహకాన్ని పట్టుకునే భాగం అపోబి చివరి సగంలో ఉంటుంది. పేగు నుంచి వచ్చే కైలోమైక్రాన్‌లో ఆ భాగం లేనందువల్ల అది ఆ గ్రాహకానికి నేరుగా దొరకదు. కండరాలకు, కొవ్వు కణజాలానికి సరుకు అందించాక, అపోఇ సాయంతో కాలేయానికి చేరుతుంది. ఎలుక అపోబెక్–1నే 2016లో జన్యు అక్షరాలను ఒక్కొక్కటిగా మార్చే క్రిస్పర్ సాధనంలో అమర్చారు. కొవ్వు రవాణా మీద జరిగిన పరిశోధన జన్యు చికిత్సకు ఇలా పనికొస్తుందని 1987లో ఎవరూ ఊహించి ఉండరు.

ప్రశ్న: మా అక్క కొడుక్కి రెండేళ్లు. పుట్టినప్పటి నుంచి జిడ్డు విరేచనాలు, బరువు పెరగకపోవడం ఉన్నాయి. కొలెస్ట్రాల్ చాలా తక్కువగా ఉంది, ట్రైగ్లిజరైడ్లు దాదాపు లేవు. డాక్టరుగారు ఏబీటాలైపోప్రోటీనీమియా అని చెప్పారు. కొలెస్ట్రాల్ తక్కువ ఉంటే మంచిదంటారు కదా, మరి ఇది జబ్బు ఎందుకైంది?

జవాబు: మీ ఆందోళన అర్థమైంది. మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబులో చెప్పిన ఎంటీపీ పనిచేయకపోవడమే ఈ జబ్బు. ఎంటీపీ లేనప్పుడు అపోబికి కొవ్వు అందదు. అందని అపోబి జాలకం దాటకుండానే నాశనమవుతుంది. కైలోమైక్రాన్లు, వీఎల్‌డీఎల్ రెండూ తయారు కావు. పాలలోని కొవ్వు పేగు కణం లోపలి దాకా వస్తుంది గానీ అక్కడి నుంచి బయటికి వెళ్లలేక కణంలోనే బొట్లుగా మిగిలిపోతుంది. లోపలికి పోలేని కొవ్వు విరేచనాల్లో పోతుంది. బాబు బరువు పెరగకపోవడానికి ఇదే కారణం.

దీన్ని 1950లో బాసెన్, కార్న్‌జ్వైగ్ అనే ఇద్దరు వైద్యులు తొలిసారి వర్ణించారు. వారు చూసిన 18 ఏళ్ల అమ్మాయికి కంటిలోని రెటీనా దెబ్బతిన్నది. ఎర్రరక్త కణాలు గుండ్రంగా కాక ముళ్లు మొలిచినట్టు ఉన్నాయి. అసలు లోపం ఎంటీపీదని తేలడానికి 40 ఏళ్లకు పైగా పట్టింది. 1992లో ఈ రోగుల పేగు నుంచి తీసిన ముక్కలో ఎంటీపీ లేదని చూపారు. మరుసటి ఏడాది దాని జన్యువులోని మార్పులను గుర్తించారు.

కంటికి, నరాలకు కలిగే హాని కొవ్వు కొరతవల్ల నేరుగా వచ్చేది కాదు. అది ప్రధానంగా విటమిన్ ఇ లోపంవల్ల వస్తుంది. ఈ విటమిన్ కొవ్వులోనే కరుగుతుంది. పేగు నుంచి రావడానికి కైలోమైక్రాన్, కాలేయం నుంచి శరీరానికి చేరడానికి వీఎల్‌డీఎల్ కావాలి. రెండు దారులూ మూసుకున్నప్పుడు నరాలు ఏళ్ల తరబడి మెల్లగా దెబ్బతిని, నడకలో తూలు, చూపు మందగించడం మొదలవుతాయి. ఇందులో మీరు ఆశ పెట్టుకోదగిన విషయం ఒకటుంది. పసితనంలోనే పెద్ద మోతాదులో విటమిన్ ఇ నోటి ద్వారా ఇవ్వడం మొదలుపెడితే ఈ నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు. మామూలు దారి మూసుకున్నా, ఇచ్చిన దానిలో కొంత ఇతర మార్గాల్లో శరీరానికి చేరుతుంది. విటమిన్ ఎ, కె కూడా కొరతపడతాయి. మోతాదులను ఈ జబ్బును చూసిన అనుభవం ఉన్న వైద్యులే నిర్ణయించాలి. దయచేసి ఆలస్యం చేయవద్దు. ఆహారంలో కొవ్వు బాగా తగ్గించినప్పుడు విరేచనాలు తగ్గుతాయి, కానీ శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాలు కొద్దిగానైనా అందాలి కనుక పూర్తిగా మానిపించకూడదు.

మరొక సంగతి అడిగి తెలుసుకోండి: మీ అక్క, బావ రక్తపరీక్షలు చేయించారా? ఎంటీపీ లోపంలో తల్లిదండ్రులిద్దరికీ ఒక్కో లోపపు జన్యువు ఉన్నా వారి కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంటుంది. అచ్చం ఇలాగే కనిపించే మరో జబ్బులో లోపం అపోబి జన్యువులోనే ఉంటుంది. అప్పుడు తల్లిదండ్రుల ఎల్‌డీఎల్ కూడా బాగా తక్కువగా ఉంటుంది. ఏది ఏమైనా ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు కనుక జన్యు సలహా తీసుకోవడం మంచిది.

ప్రశ్న: జాలకం నుంచి ప్రోటీన్లను మోసుకెళ్లే త్వచపు సంచుల వ్యాసం 60 నుంచి 90 నానోమీటర్లేనని చదివాను. కైలోమైక్రాన్ అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది కదా. అది ఆ సంచిలో ఎలా పడుతుంది?

జవాబు: శాస్త్రవేత్తలను కూడా చాలాకాలం తికమక పెట్టిన ప్రశ్న ఇది. వీఎల్‌డీఎల్ 30 నుంచి 80 నానోమీటర్లు ఉంటుంది. కైలోమైక్రాన్ 75 నుంచి మొదలై, కొవ్వు ఎక్కువ ఉన్న భోజనం తర్వాత ఒక మైక్రోమీటరు దాకా పెరగవచ్చు.

జాలకం నుంచి సరుకు బయలుదేరేటప్పుడు కోప్–2 అనే ప్రోటీన్ల తొడుగు పొరను వంచి సంచిని ఏర్పరుస్తుంది. ఈస్ట్ కణాల మీద రాండీ షెక్‌మన్ చేసిన కృషితో ఈ తొడుగు వెలుగులోకి వచ్చింది; కణంలో సంచుల రవాణా మీద చేసిన పనికి ఆయనకు, మరో ఇద్దరికి 2013లో నోబెల్ బహుమతి లభించింది. తొడుగు కట్టుకోవడానికి తొలి సంజ్ఞ ఇచ్చేది శార్1 అనే చిన్న ప్రోటీన్. మనుషుల్లో దీనికి ఎ, బి అని రెండు రూపాలున్నాయి. శార్1బి జన్యువు చెడిన పిల్లల్లో కైలోమైక్రాన్లు తయారవుతాయి గానీ జాలకం దాటలేవని 2003లో తెలిసింది. ఆండర్సన్ అనే వైద్యురాలు 1961లో వర్ణించిన జబ్బు ఇదే. ఈ పిల్లల పేగును ఎండోస్కోపీలో చూస్తే లోపలి పొర అంతా తెల్లటి పొడి చల్లినట్టు కనిపిస్తుంది. బయటికి పోలేక కణాల్లో నిండిన కొవ్వే ఆ తెలుపు. ఎంటీపీ లోపం ఉన్నవారిలో ట్రైగ్లిజరైడ్లు దాదాపు మాయమైతే, వీరిలో పరగడుపున అవి మామూలుగానే ఉంటాయి. కాలేయం తన రేణువులను పంపగలుగుతోందనడానికి ఇది గుర్తు.

పెద్ద రేణువుల సంగతికి వస్తే, మరో రెండు ప్రోటీన్ల పాత్ర తెలుసుకోవాలి. టాంగో1 అనేది కొలాజెన్ వంటి పొడవైన ప్రోటీన్లు జాలకం దాటడానికి అవసరమని 2009లో తేలింది; టాలీ అనే మరో ప్రోటీన్‌తో కలిసి అపోబి రేణువులు దాటడానికి కూడా అది కావాలని 2016లో చూపారు. సంచి పుట్టే చోట టాంగో1 ఒక వలయంగా చేరి, తొడుగు తొందరపడి మూసుకుపోకుండా మెడను తెరిచి ఉంచుతుంది. బయట ఉన్న పొర ముక్కలను రప్పించి ఆ మెడకు కలుపుతుంది. అందువల్ల మామూలు సంచి కంటే చాలా పెద్ద దారి ఏర్పడుతుంది. మీరు చదివిన 60–90 నానోమీటర్ల కొలత చిన్న సరుకులకు సరిపోయేదే. సరుకును బట్టి కణం దారిని సాగదీయగలదు. సర్ఫ్4 అనే గ్రాహకం జాలకం లోపల అపోబి రేణువులను పట్టుకుని, తొడుగు కట్టుకుంటున్న చోటికి చేర్చుతుంది. ఎలుకల కాలేయంలో దాన్ని తొలగిస్తే రక్తంలోని కొవ్వు రేణువులు భారీగా పడిపోయాయి.

అక్కడి నుంచి, సరుకును సిద్ధంచేసి పంపే గాల్జీ సంక్లిష్టానికి, ఆపైన కణం అంచుకు ప్రయాణం సాగుతుంది. కాలేయం పంపిన రేణువులు నేరుగా రక్తంలో కలుస్తాయి. కైలోమైక్రాన్లు పెద్దవి కావడంతో పేగు రక్తకేశనాళికల్లో దూరలేక, శోషరస నాళాల్లోకి వెళ్లి, మెడ కింద ఎడమ పక్కన ఉన్న పెద్ద సిరలో కలుస్తాయి.

ప్రశ్న: స్కానింగులో నాకు ఫ్యాటీ లివర్ అని వచ్చింది. కానీ కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది, నూనె పదార్థాలు కూడా పెద్దగా తినను. ఇదెలా సాధ్యం?

జవాబు: రక్తంలో కనిపించేది కాలేయం బయటికి పంపిన కొవ్వు, స్కానింగులో కనిపించేది లోపల మిగిలిపోయిన కొవ్వు. రెండూ కలిసే పెరగాలని లేదు, కలిసే తగ్గాలని కూడా లేదు. ఆ రెండింటి నడుమ నిలిచేవి ఇంతవరకు చెప్పుకున్న ప్రోటీన్లే.

కాలేయంలో చేరే కొవ్వు అంతా తిన్న నూనె నుంచి రాదు. ఫ్యాటీ లివర్ ఉన్న కొద్దిమంది మీద 2005లో జరిగిన ఒక అధ్యయనంలో, కాలేయపు ట్రైగ్లిజరైడ్లలో సుమారు 59 శాతం శరీరపు కొవ్వు కణజాలం నుంచి రక్తంలోకి వదలబడిన కొవ్వు ఆమ్లాల నుంచి, 26 శాతం కాలేయమే పిండిపదార్థాలు, చక్కెరల నుంచి తయారుచేసుకున్న దాని నుంచి, 15 శాతం మాత్రమే ఆహారపు కొవ్వు నుంచి వచ్చినట్టు తేలింది. ఇన్సులిన్ మామూలుగా కొవ్వు కణజాలాన్ని అదుపులో ఉంచుతుంది. కాలేయంలో ఎంటీపీ తయారీని తగ్గించి, అపోబి నాశనాన్ని పెంచి వీఎల్‌డీఎల్‌కు పగ్గం వేస్తుంది. ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించనప్పుడు ఆ పగ్గం సడలి కాలేయం ఎక్కువ రేణువులను పంపుతుంది. అయితే ఈ పెరుగుదలకు ఒక హద్దు ఉంది. లోపలికి వచ్చే కొవ్వు ఆ హద్దును దాటితే మిగిలింది కాలేయంలోనే పేరుకుంటుంది.

కొందరిలో పుట్టుకతోనే పంపే శక్తి తక్కువ. టీఎం6ఎస్ఎఫ్2 ప్రోటీన్‌లో 167వ అమైనో ఆమ్లం మారినవారిని 2014లో గుర్తించారు. వారి రేణువుల్లోకి కొవ్వు సరిగా చేరదు; కాలేయంలో కొవ్వు ఎక్కువగాను, రక్తంలో ఎల్‌డీఎల్ తక్కువగాను ఉంటుంది; గుండెకు ముప్పు తగ్గి, కాలేయానికి ముప్పు పెరుగుతుంది. అయితే సైడ్‌బి జన్యువు పనిచేయనివారిలో కాలేయ జబ్బులు తక్కువని 2022లో ప్రచురితమైన పెద్ద జన్యు అధ్యయనం చూపింది. పంపడం తగ్గితే కాలేయానికి ఎప్పుడూ హానే అని సూత్రం కట్టలేమని దీనివల్ల తెలుస్తోంది. ఏ మెట్టు దగ్గర తగ్గిందన్నది ముఖ్యం.

రేణువు పైపొరకు ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే ఫాస్ఫోలిపిడ్ కావాలి. దాని తయారీకి కోలిన్ అనే పోషకం అవసరం. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన చార్లెస్ బెస్ట్ 1930లలోనే, కోలిన్ అందని జంతువుల కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని, కోలిన్ ఇస్తే తగ్గుతుందని చూపారు. పైపొర చాలకపోతే రేణువు కట్టుకోదు, కొవ్వు లోపలే ఉండిపోతుంది.

ఈ సంబంధాన్ని మందు రూపంలో కూడా చూడవచ్చు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం సంక్రమించి ఎల్‌డీఎల్ విపరీతంగా పెరిగే అరుదైన జబ్బుకు, ఎంటీపీని అడ్డుకునే లోమిటపైడ్ అనే మందును 2012 డిసెంబరులో అమెరికాలో అనుమతించారు. అది ఎల్‌డీఎల్‌ను గట్టిగా తగ్గిస్తుంది. కానీ ఊహించదగినట్టే కాలేయంలో కొవ్వు పెరగవచ్చు, విరేచనాలు రావచ్చు. అందుకే వాడేవారు కొవ్వు తక్కువ ఆహారం తీసుకోవాలి, విటమిన్ ఇ వేసుకోవాలి, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. కొలెస్ట్రాల్‌ను తగ్గించే మందులన్నీ ఇలాంటివి కావు. స్టాటిన్లు వేరే మార్గంలో, ప్రధానంగా రక్తం నుంచి ఎల్‌డీఎల్‌ను కాలేయం ఎక్కువగా తీసుకునేలా చేసి పనిచేస్తాయి. ఫ్యాటీ లివర్ ఉందన్న భయంతో వాటిని సొంతంగా మానివేయకండి.

మీ విషయంలో, రక్తంలో చక్కెర, నడుము కొలత, మద్యం అలవాటు ఉంటే దాని మోతాదు వైద్యుడికి వివరంగా చెప్పండి. కొలెస్ట్రాల్ మామూలుగా ఉంది కనుక కాలేయం గురించి పట్టించుకోనవసరం లేదని మాత్రం అనుకోవద్దు.

ప్రశ్న: ఎల్‌డీఎల్ పరీక్ష ఉండగా అపోబి పరీక్ష ఎందుకు రాస్తున్నారు?

జవాబు: ఒక్కో రేణువులో ఒకే ఒక్క అపోబి ఉంటుంది కనుక రక్తంలోని అపోబిని కొలిస్తే రేణువుల సంఖ్యను కొలిచినట్టే. ఎల్‌డీఎల్ పరీక్ష కొలిచేది రేణువుల్లోని కొలెస్ట్రాల్‌ను. మధుమేహం, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు ఉన్నవారిలో ఒక్కో రేణువులో కొలెస్ట్రాల్ తక్కువగా ఉండి, రేణువులు మాత్రం ఎక్కువగా ఉండవచ్చు; అప్పుడు ఎల్‌డీఎల్ అంకె మామూలుగా కనిపించినా ధమని గోడలోకి చొరబడే రేణువులు ఎక్కువే. అలాంటివారికి ఈ పరీక్ష ఉపయోగపడుతుంది. భోజనం తర్వాత కూడా అపోబి–48 మొత్తంలో చాలా తక్కువ వంతే కనుక, దీనికి పరగడుపున వెళ్లనవసరం లేదు.